ఆగిన విమానాలకు మద్దతు ధర



పొదిలిలో విమానం దిగదు. నడికుడి – శ్రీకాళహస్తి రైలు మార్గం కోసమే ఏళ్ల తరబడి ఎదురుచూస్తూ వచ్చిన ఊరు మనది. అలాంటి ఊరి నుంచి విమాన సంస్థల కష్టనష్టాల గురించి మాట్లాడటం ఏమిటని మీలో కొందరికైనా అనిపించవచ్చు. కానీ మన చుట్టుపక్కల పల్లెల్లో కువైట్‌లోనో, దుబాయ్‌లోనో, అమెరికాలోనో పిల్లలున్న ఇళ్లు చాలానే ఉన్నాయి. వాళ్లు పండక్కి రావాలన్నా, ఇంట్లో పెద్దవాళ్లకి ఏదైనా అయితే ఆఖరి చూపుకి అందాలన్నా విమానం తిరగాల్సిందే. అదొక కారణం.

రెండో కారణం మనకి ఇంకా దగ్గరిది. కష్టకాలంలో విమాన సంస్థలు ప్రభుత్వాన్ని ఏమడిగాయి, ప్రభుత్వం ఏమిచ్చింది అని చూస్తే, ఆ జాబితా మన రైతు నోట్లో నానేదే. కనీస ధర, అప్పుకి పూచీ, నష్టానికి భర్తీ. పొగాకు రైతు, మిర్చి రైతు, పత్తి రైతు దశాబ్దాలుగా అడుగుతున్నవి ఈ మూడే కదా. అందుకే ఈ సంగతి పొదిలిలో కూర్చుని చూస్తే, ఢిల్లీలో కనపడనిది ఒకటి కనపడుతుంది. అదే ఈ పూట మీ ముందు పెడతాను.

ముందు జరిగింది చెప్పుకుందాం.

కోవిడ్ వల్ల 2020 మార్చి 22 నుంచి మన దేశానికి విదేశీ విమానాల రాకపోకలు ఆగిపోయాయి. మార్చి 24 అర్ధరాత్రి నుంచి దేశంలో తిరిగేవి కూడా ఆగిపోయాయి. రెండు నెలలపాటు సరుకు విమానాలు, ప్రత్యేక అనుమతి ఉన్నవి తప్ప ఇంకేవీ ఎగరలేదు. మే 25న దేశంలో మళ్లీ సర్వీసులు మొదలయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో ఒక రోజు ఆలస్యంగా, 26న మొదలయ్యాయి. విదేశాలకు మామూలు సర్వీసులు పూర్తిగా తెరుచుకోవడానికి మాత్రం 2022 మార్చి 27 దాకా ఆగాల్సి వచ్చింది. అంటే రెండేళ్ల పైమాటే.

సరిగ్గా అవే రోజుల్లో మన దగ్గర గుంటూరు మిర్చి యార్డు మూతపడింది. పొగాకు వేలం కేంద్రాలు ఆగిపోయాయి. బేళ్లు ఇళ్లలో, టిక్కీలు కోల్డ్ స్టోరేజీల్లో ఉండిపోయాయి. సరుకు కదలకపోతే ఎంత నలిగిపోతామో మనకి ఒకరు చెప్పక్కర్లేదు. అయితే ఒక తేడా ఉంది. మిరపకాయలు ఈ నెల అమ్ముడుపోకపోతే కోల్డ్ స్టోరేజీ అద్దె కట్టి వచ్చే నెలైనా అమ్ముకోవచ్చు. విమానంలో సీటు అలా దాచేది కాదు. పొద్దున ఏడింటి విమానంలో ఖాళీగా పోయిన సీటుని సాయంత్రం అమ్ముకోలేరు. ఆ రోజుకి అది పోయినట్టే.

పైగా ఆగిన విమానం ఊరికే పడి ఉండదు. శంషాబాద్ లాంటి విమానాశ్రయాల్లో ఆ రెండు నెలలూ వరసగా విమానాలు నిలబడి ఉండేవి. ఇంజన్ నోళ్లలోకి దుమ్మూ పిట్టలూ పోకుండా కవర్లు కట్టారు. గాలి వేగం కొలిచే సన్నటి గొట్టాలుంటాయి, వాటిలో పురుగు గూడు పెడితే పైలట్‌కి వేగం తప్పుగా కనపడుతుంది కాబట్టి వాటికీ తొడుగులు వేశారు. చక్రాలు ఒకే చోట బరువు మోస్తే టైరు ఒకపక్కకి అణిగిపోతుందని అప్పుడప్పుడూ కొంచెం జరిపేవారు. మధ్యమధ్య ఇంజన్లు వేసి చూసేవారు. అంటే పైసా ఆదాయం లేకపోయినా విమానం దగ్గర మనిషి కావాలి, ఆ మనిషికి జీతం కావాలి. దానికి తోడు మన దేశంలో తిరిగే విమానాల్లో ఎక్కువ భాగం సొంతవి కావు. విదేశీ కంపెనీల దగ్గర అద్దెకి తెచ్చుకున్నవి. ఆ అద్దె డాలర్లలో కట్టాలి. విమానం ఎగిరినా, ఎగరకపోయినా కట్టాలి.

దెబ్బ ఎంత పడిందో ఒక్క లెక్కతో తెలుస్తుంది. దేశంలో అన్నిటికన్నా పెద్దది, చేతిలో డబ్బు బాగా ఉన్న సంస్థ ఇండిగో. 2020–21లో దాని నష్టం 5,806 కోట్లు. 2020 జులైలో ఉద్యోగుల్లో నూటికి పది మందిని తీసేస్తున్నామని ప్రకటించింది. అప్పటికి ప్రభుత్వ సంస్థగా ఉన్న ఎయిర్ ఇండియా కొంతమంది సిబ్బందిని జీతం లేని సెలవు మీద ఏళ్ల తరబడి పంపే పథకం పెట్టింది. పెద్దవాళ్ల పరిస్థితే అలా ఉంటే చిన్న సంస్థల మాట చెప్పేదేముంది.

ఇక్కడొక మాట న్యాయంగా చెప్పుకోవాలి. విమాన సంస్థలు ప్రభుత్వం మీద ఆధారపడ్డాయంటాం. ఆపద వచ్చినప్పుడు ప్రభుత్వం కూడా విమానాల మీదే ఆధారపడింది. 1990లో ఇరాక్ సైన్యం కువైట్‌ని ఆక్రమించినప్పుడు, జోర్డాన్‌లోని అమ్మాన్ నుంచి 59 రోజుల్లో 488 విమానాల్లో లక్షా పదకొండు వేల మందికి పైగా మనవాళ్లని స్వదేశానికి చేర్చారు. ఆ పనిలో ముందు నిలిచింది ఎయిర్ ఇండియా. వాళ్లలో మన తెలుగువాళ్లూ ఉన్నారు. 2020 మే 7న మొదలైన వందే భారత్ మిషన్‌లోనూ తొలి భారం మోసింది ఎయిర్ ఇండియా, దాని అనుబంధ సంస్థ ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్. మొదటి వారానికి 64 విమానాలు వేశారు. మన వైపు వాళ్లకి మొదట్లో హైదరాబాదే దిక్కయింది. తర్వాతి విడతలో గన్నవరానికి కూడా విమానాలు వచ్చాయి. అయితే ఆ ప్రయాణం ఉచితం కాదు. అమెరికా నుంచి దాదాపు లక్ష రూపాయలు, లండన్ నుంచి 50 వేలు అని ప్రభుత్వమే ఛార్జీలు ప్రకటించింది. పని పోయి, చేతిలో చిల్లిగవ్వ లేక తిరిగొచ్చే గల్ఫ్ కూలీ కూడా టికెట్ కొనుక్కునే వచ్చాడు.

కాబట్టి విమానాలకి ఆసరా ఇవ్వడం తప్పని నేను అనను. ఇవ్వకపోతే ఇంకో ఆపద వచ్చినప్పుడు మనవాళ్లని తెచ్చే నాథుడుండడు. నా ప్రశ్న వేరు. ఆ ఆసరా ఏ రూపంలో ఇచ్చారు, ఏ షరతు మీద ఇచ్చారు, టికెట్ కొన్న మనిషి దాకా అది దిగిందా?

మన ప్రభుత్వం మొదట ఇచ్చింది కనీస ధర. 2020 మేలో విమానాలు మళ్లీ మొదలైనప్పుడు ప్రయాణ సమయాన్ని బట్టి ఏడు శ్రేణులు పెట్టి, ప్రతి శ్రేణికీ ఒక పైహద్దు, ఒక కిందిహద్దు నిర్ణయించారు. 40 నిమిషాల లోపు ప్రయాణానికి 2,000 తగ్గకూడదు, 6,000 దాటకూడదు. ఢిల్లీ – ముంబయికి 3,500 నుంచి 10,000. పైహద్దు ఎందుకో అందరికీ తెలుసు, ప్రయాణికుల్ని దోచుకోకుండా. మరి కిందిహద్దు ఎందుకు? డబ్బున్న సంస్థ టికెట్ ధర బాగా తగ్గించేసి, చితికిపోయి ఉన్న చిన్న సంస్థని పూర్తిగా ముంచెయ్యకుండా. ఈ సంగతి ప్రభుత్వమే చెప్పింది. రెండేళ్లకు పైగా ఈ హద్దులు నడిచాయి. 2022 ఆగస్టు 31న ఎత్తేశారు.

దీన్ని మన భాషలో మద్దతు ధర అంటాం. ఇంకో పేరు అక్కర్లేదు. రెండు నెలలు ఆగిన విమానానికి మద్దతు ధర వచ్చింది. ఇన్నేళ్లుగా పండుతున్న మిరపకి మాత్రం ఈనాటికీ మద్దతు ధర లేదు. పత్తికి ఉంది. మిర్చి ధర కుప్పకూలితే మార్కెట్ జోక్యం అంటారు, అది ఆ ఏటికి ఆ ఏడు ఢిల్లీకి ఉత్తరం రాసి తెచ్చుకోవాల్సింది. 2025 ఫిబ్రవరిలో అలాగే క్వింటాకు 11,781 రూపాయలు నిర్ణయించారు. అదీ రైతులు యార్డు దగ్గర గోల పెట్టాక.

రెండోది అప్పుకి పూచీ. కోవిడ్ కాలంలో చిన్న పరిశ్రమల కోసం కేంద్రం అత్యవసర రుణ హామీ పథకం పెట్టింది. బ్యాంకు అప్పిస్తుంది, ఎగ్గొడితే ప్రభుత్వం పూచీ. 2021 మేలో విమాన సంస్థల్నీ అందులో చేర్చారు. తర్వాత పరిమితి పెంచుకుంటూ పోయి, 2022 అక్టోబరులో ఒక్కో సంస్థకి 1,500 కోట్ల దాకా ఇవ్వొచ్చన్నారు. అందులో ఒక మంచి షరతు ఉంది. 1,500లో చివరి 500 కోట్లు కావాలంటే యజమానులు కూడా సొంత డబ్బు పెట్టాలి. మీరు రూపాయి పెట్టండి, మేమూ పెడతాం అనడం అది. ఆ మాట 500 కోట్ల దగ్గర కాకుండా మొదటి రూపాయి దగ్గరే అని ఉంటే బాగుండేది.

బయటి దేశాలు ఏం చేశాయో కూడా రెండు మాటల్లో చెప్పుకుందాం. అమెరికా మూడు విడతలుగా దాదాపు 5,400 కోట్ల డాలర్లు విమాన సంస్థల ఉద్యోగుల జీతాల కోసమే ఇచ్చింది. ఆ డబ్బు తీసుకుంటే ఫలానా తేదీ దాకా ఎవరినీ బలవంతంగా తీసెయ్యకూడదు, పై అధికారుల జీతాలకి హద్దు, సొంత షేర్లు వెనక్కి కొనుక్కోకూడదు. జర్మనీ తన లుఫ్తాన్సాకి 900 కోట్ల యూరోల ప్యాకేజీ ఇస్తూ కంపెనీలో 20 శాతం వాటా రాయించుకుంది. కంపెనీ కోలుకుని అప్పు తీర్చింది. 2022 సెప్టెంబరు నాటికి ప్రభుత్వం తన వాటా మొత్తం అమ్ముకుని లాభంతో బయటపడింది. ఇచ్చేటప్పుడే పుచ్చుకునే సంగతి మాట్లాడుకున్నారన్న మాట.

మన దగ్గర ప్రయాణికుడి సంగతి ఎవరు మాట్లాడారు? లాక్‌డౌన్ మొదలయ్యేటప్పటికే లక్షల మంది టికెట్లు కొని ఉన్నారు. మా బజార్లో ట్రావెల్స్ నడిపే కుర్రాడి కొట్టు ముందు జరిగిన మాటలు నాకు బాగా గుర్తు. వేసవి సెలవులకి ఢిల్లీ, ఆగ్రా చూద్దామని కుటుంబానికంతా టికెట్లు తీయించిన ఒక పెద్దాయన రోజూ వచ్చి అడిగేవాడు.

“ఏందబ్బాయ్, విమానమే ఎగరనప్పుడు నా డబ్బులు నాకివ్వటానికి ఏం రోగం?”

“నా దగ్గర లేవు బాబాయ్, కంపెనీ దగ్గరున్నయ్. క్రెడిట్ షెల్‌లో పెట్టారంట. ఏడాదిలో ఎప్పుడైనా మళ్లీ టికెట్ తీసుకోవచ్చంట.”

“నేను మళ్లీ పోయేదెప్పుడు? ఆ డబ్బు ఎరువుల కొట్లో కట్టాలయ్యా.”

ఆ పెద్దాయన అడిగిన ప్రశ్నే దేశం మొత్తం మీద చాలామంది అడిగారు. ప్రవాసీ లీగల్ సెల్ అనే సంస్థ సుప్రీంకోర్టుకి వెళ్లింది. 2020 అక్టోబరు 1న తీర్పు వచ్చింది. లాక్‌డౌన్ రోజుల్లో, లాక్‌డౌన్ రోజుల ప్రయాణానికే కొన్న టికెట్లకి పూర్తి డబ్బు వెంటనే ఇచ్చెయ్యాలి. అంతకుముందు కొన్నవాటికి పదిహేను రోజుల్లో డబ్బివ్వాలి. సంస్థ చితికిపోయి ఇవ్వలేని స్థితిలో ఉంటే ఆ మొత్తాన్ని క్రెడిట్ షెల్‌లో పెట్టి, 2021 మార్చి 31 దాకా వాడుకోనివ్వాలి. కావాలంటే ఇంకొకరి పేరు మీదికి మార్చుకోవచ్చు. అప్పటికీ వాడుకోకపోతే నగదుగా వాపసు. ఆలస్యానికి నెలకి అర శాతం, 2020 జూన్ 30 తర్వాత ముప్పావు శాతం కలిపి లెక్క కట్టాలి. మన లెక్కలో నూటికి ముప్పావలా వడ్డీ. ఆ పెద్దాయన ఎరువుల కొట్లో బాకీకి ఎంత వడ్డీ కట్టుకుని ఉంటాడో నేను చెప్పక్కర్లేదు.

ఇందులో గమనించాల్సిందేమిటంటే, కనీస ధరా, రుణ పూచీ ప్రభుత్వం ఇస్తే వచ్చాయి. ప్రయాణికుడి డబ్బు మాత్రం కోర్టుకి పోతేగానీ రాలేదు. మద్దతు ధర ఇచ్చిన రోజునే, “ఇది తీసుకోవాలంటే ముందు టికెట్ డబ్బులు తిరిగిచ్చెయ్యండి” అని ఒక్క షరతు రాసి ఉంటే, ఆ కేసుకి చాలావరకు అవసరం ఉండేది కాదు.

టికెట్ అంటే ఏమిటో ఒకసారి ఆలోచించండి. మూడు నెలల ముందు టికెట్ కొన్నామంటే, మూడు నెలలపాటు వడ్డీ లేకుండా ఆ కంపెనీకి మనం అప్పిచ్చినట్టే. తీరా కంపెనీ దివాలా తీస్తే అప్పులవాళ్ల వరసలో మనం ఎక్కడుంటాం? గో ఫస్ట్ అనే సంస్థ సంగతి చూడండి. ఇంజన్లు సరఫరా చేసిన ప్రాట్ అండ్ విట్నీ వల్ల సగం విమానాలు నేల మీదే ఉండిపోయాయని చెప్పి, 2023 మే 2న తనంతట తానే దివాలా పిటిషన్ వేసింది. మర్నాటి నుంచి విమానాలు ఆపేసింది. ప్రభుత్వం పూచీ పడిన ఆ రుణ పథకంలో అది కూడా డబ్బు తీసుకుని ఉంది. విమానాలు అద్దెకిచ్చినవాళ్లు ఏడాదిపాటు కోర్టుల చుట్టూ తిరిగితే 2024 ఏప్రిల్లో ఢిల్లీ హైకోర్టు వాళ్ల విమానాలు వాళ్లు తీసుకుపోవచ్చంది. 2025 జనవరిలో కంపెనీ ఆస్తులు అమ్మేసి మూసెయ్యమని ఆదేశం వచ్చింది. బ్యాంకులు తాకట్టు మీద ఇచ్చాయి కాబట్టి అవి వరసలో ముందుంటాయి. ఏ తాకట్టూ లేకుండా డబ్బు కట్టిన ప్రయాణికుడు వాళ్ల వెనక నిలబడాలి. అంతకుముందు 2019 ఏప్రిల్ 17న జెట్ ఎయిర్‌వేస్ ఆగిపోయినప్పుడూ జరిగింది అదే. అప్పుడు సంస్థ అత్యవసరంగా అడిగిన డబ్బివ్వడానికి బ్యాంకులు ఒప్పుకోలేదు, విమానాలు ఆ రాత్రితో ఆగిపోయాయి. పూచీ ఉన్న సంస్థా పోయింది, లేని సంస్థా పోయింది. రెండు చోట్లా టికెట్ కొన్నవాడి గతి ఒక్కటే.

ఇక మూడోది, నష్టానికి భర్తీ. దాని సంగతి తెలియాలంటే మన తెలుగునేల మీద జరిగిన కథలకి వద్దాం. మూడు చెబుతాను.

మొదటిది ఎయిర్ కోస్టా. విజయవాడ కేంద్రంగా ఎల్‌ఈపీఎల్ గ్రూపు పెట్టిన సంస్థ. 2013 అక్టోబరులో మొదలైంది. మనవాళ్ల విమానం అని అప్పట్లో ఎంత గొప్పగా చెప్పుకున్నామో! బ్రెజిల్ దేశపు ఎంబ్రాయర్ విమానాలు నడిపారు. చేతిలో కొద్దిపాటి విమానాలే ఉన్న రోజున, 2014 ఫిబ్రవరిలో, ఏకంగా 50 కొత్త విమానాలకి ఆర్డరిచ్చారు. 2017 ఫిబ్రవరి నెలాఖరుకి డబ్బు కటకట వచ్చి సర్వీసులు ఆగిపోయాయి, మళ్లీ ఎగరలేదు. దాన్ని నిలబెట్టే ఆసరా ఏదీ అందలేదు.

రెండోది కడప. విమానయాన మంత్రిగా మన విజయనగరం అశోక్ గజపతిరాజు గారు ఉన్నప్పుడు ఉడాన్ పథకం వచ్చింది. 2017 ఏప్రిల్ 27న సిమ్లాలో ప్రధాని తొలి విమానాన్ని ప్రారంభిస్తూ, అక్కడి నుంచే కడప – హైదరాబాద్ సర్వీసునీ ప్రారంభించారు. నడిపింది హైదరాబాద్ సంస్థ ట్రూజెట్. గంట ప్రయాణానికి కొన్ని సీట్లు 2,500 రూపాయల హద్దుకి అమ్మాలి. దానివల్ల వచ్చే లోటుని మూడేళ్లపాటు ప్రభుత్వం పూడుస్తుంది. ఆ డబ్బు ఎక్కడిదంటే, పెద్ద నగరాల మధ్య తిరిగే ఒక్కో విమానం మీద కొంత సుంకం వేసి పోగు చేస్తారు. రాష్ట్రం తన వంతు కలుపుతుంది. ఆలోచన బాగుంది. కడపవాళ్లకి హైదరాబాద్ గంట దూరంలోకి వచ్చింది. కోవిడ్ దెబ్బ నుంచి తేరుకోలేక 2022 ఫిబ్రవరిలో ట్రూజెట్ ఆగిపోయింది. అయినా కడప ఆగలేదు. రాష్ట్ర ప్రభుత్వం ఇండిగోతో ఒప్పందం చేసుకుని, లోటు తాను భరిస్తానని చెప్పి, మార్చి చివరి వారంలో మళ్లీ సర్వీసులు తెప్పించింది. కంపెనీ పోయినా రూటు నిలిచింది.

మూడోది గన్నవరం – సింగపూర్. 2018 డిసెంబరు 4న ఇండిగో వారానికి రెండు సర్వీసులు మొదలుపెట్టింది. సీట్లు నిండకపోతే ఆ లోటు రాష్ట్ర ప్రభుత్వం భరించేటట్టు ఒప్పందం. విమానాలు బాగానే నిండేవి. 2019లో ప్రభుత్వం మారింది. ఒప్పందం గడువు ముగిసింది, కొనసాగించలేదు. జూన్ దాటేసరికి సింగపూర్ విమానం లేదు. ఇక్కడ కంపెనీ దివాలా తీయలేదు, మహమ్మారీ రాలేదు. ఆసరా ఆగింది, విమానం ఆగింది.

గో ఫస్ట్ సంగతీ, ఈ మూడు కథలూ కలిపి చూస్తే నాకు తోచిందేమిటంటే, సాయం కంపెనీ పేరు మీద ఇస్తే కంపెనీతో పోతుంది. ప్రభుత్వం ఇష్టం మీద నడిస్తే ప్రభుత్వంతో పోతుంది. రూటు మీద, ఇన్నేళ్లని గడువు పెట్టి, ఏటేటా ఇంత తగ్గుతుందని ముందే చెప్పి ఇస్తే నిలబడే అవకాశం ఉంటుంది.

ఇది పాత ముచ్చట కాదు. 2025 డిసెంబరు మొదటి వారం గుర్తుందా? పైలట్ల విశ్రాంతి గంటలు పెంచుతూ వచ్చిన కొత్త నిబంధనలకి ఇండిగో సిద్ధంగా లేక ఒక్కరోజులోనే వెయ్యికి పైగా విమానాలు రద్దయ్యాయి. అప్పటి విమానయాన మంత్రి మన శ్రీకాకుళం రామ్మోహన్ నాయుడు గారే. ఆ సంస్థకి నిబంధనల నుంచి తాత్కాలికంగా మినహాయింపు ఇచ్చారు. మిగతా సంస్థలు ఛార్జీలు ఎడాపెడా పెంచకుండా 500 కిలోమీటర్ల లోపు 7,500 అంటూ హద్దులు పెట్టారు. దేశంలో విమానాల్లో తిరిగే నూరు మందిలో అరవై మందికి పైగా ఒకే సంస్థ విమానం ఎక్కుతున్నప్పుడు, అది ఆగితే ప్రభుత్వం చెయ్యి అందించక తప్పదు. మినహాయింపు కూడా సాయమే. డబ్బు రూపంలో లేదంతే.

ఇప్పుడు మళ్లీ మన పొలాలకి వస్తాను. రైతుకి ప్రభుత్వం సాయం చేస్తుంది, నిజమే. కానీ షరతు లేకుండా ఏనాడైనా చేసిందా? పత్తి తీసుకుని, మద్దతు ధరకి కొనే సీసీఐ కేంద్రానికి వెళ్లండి. బోరెంలోకి చెయ్యి పెట్టి తేమ మీటరు గుచ్చుతారు. 8 శాతం లోపుంటే పూర్తి మద్దతు ధర. 8 దాటితే దాన్ని బట్టి కోత. 12 దాటితే బండి వెనక్కి తిప్పుకోవాలి. పంట ఈ-క్రాప్ నమోదులో ఎక్కి ఉండాలి, పట్టా కాగితమో కౌలు కార్డో ఉండాలి, ఆధార్ బ్యాంకు ఖాతాకి కలిసి ఉండాలి. పొగాకు రైతైతే బ్యారన్ రిజిస్టర్ అయి ఉండాలి, ఇచ్చిన కోటా దాటి పండిస్తే జరిమానా. మన పొదిలి వేలం కేంద్రానికి బేలు తెచ్చే ప్రతి రైతుకీ ఇవి కంఠతా వచ్చు. 2020 జులైలో పొగాకు ధర పడిపోతే రాష్ట్ర ప్రభుత్వం మార్క్‌ఫెడ్‌ని వేలంలోకి దింపింది. అప్పుడూ కోటాలూ గ్రేడులూ చూసే కొన్నారు.

ఇన్ని షరతులు రైతుకి పెట్టడం తప్పని ఇక్కడ వాదించను. ప్రజల డబ్బు ఇచ్చేటప్పుడు లెక్క అడగాల్సిందే. అదే లెక్క వందల కోట్లు తీసుకునేవాళ్లనీ అడగాలన్నదే నా మాట. అడగడానికి మూడు చాలు.

ఒకటి, సాయం తీసుకునే సంస్థ, ఇంకా ప్రయాణం జరగని టికెట్ల డబ్బుని విడిగా ఒక ఖాతాలో ఉంచాలి. విమానం ఎగిరాకే ఆ డబ్బు కంపెనీది. ఎగరకపోతే కోర్టుకి పోకుండా ప్రయాణికుడికి తిరిగి వెళ్లాలి.

రెండు, అమెరికా చేసినట్టు, సాయంలో పెద్ద భాగం కిందిస్థాయి ఉద్యోగుల జీతాలకి వెళ్లాలి. విమానాశ్రయంలో సామాన్లు ఎక్కించే కుర్రాడు, టికెట్ కౌంటర్లో కూర్చునే అమ్మాయి మన జిల్లాల నుంచి వెళ్లినవాళ్లే. కంపెనీ మూతపడితే ముందు రోడ్డు మీద పడేది వాళ్లే.

మూడు, లోటు భర్తీ ఒప్పందాలు అందరికీ కనపడాలి. ఎన్ని సీట్లకి, ఎంత చొప్పున, ఎన్నేళ్లు అన్నది కాగితం మీద ప్రజల ముందుండాలి.

ఈ మూడో సంగతి మనకి రేపు అవసరం పడేదే. మన పొరుగున దొనకొండలో రెండో ప్రపంచ యుద్ధకాలంలో బ్రిటిష్ ప్రభుత్వం వేసిన ఎయిర్‌స్ట్రిప్ స్థలం ఉంది, దాన్ని మళ్లీ తెరుస్తామని ఎన్నోసార్లు విన్నాం. ఒంగోలు దగ్గర విమానాశ్రయం అన్న మాటా ఎప్పట్నుంచో పత్రికల్లో నడుస్తోంది. అద్దంకి దగ్గర జాతీయ రహదారి మీద అత్యవసర రన్‌వే వేసి, 2024 మార్చిలో వైమానిక దళం రవాణా విమానాలు దింపి చూసింది కూడా. కాబట్టి రన్‌వే వెయ్యడం మనవాళ్లకి కష్టమేమీ కాదు. దాని మీద రోజూ ఒక విమానం దిగేటట్టు చూడటమే కష్టం. విమాన ఇంధనం మీద వ్యాట్‌ని మన రాష్ట్రం ఏనాడో 1 శాతానికి తగ్గించింది, అదీ ఒక రకం ఆసరాయే. రేపు దొనకొండకో ఒంగోలుకో విమానాశ్రయం వస్తే మొదటి కొన్నేళ్లు సీట్లు నిండవు. ప్రభుత్వం లోటు భరించక తప్పదు. శంకుస్థాపనకి చప్పట్లు కొట్టే రోజునే ఆ లోటు ఎంత, ఎన్నాళ్లు, కంపెనీ వెళ్లిపోతే తర్వాత ఎవరు అని అడగాలి. అడగకపోతే ప్రహరీ గోడా, టెర్మినలూ మిగులుతాయి.

చివరగా, పిల్లల్ని విదేశాలకి పంపే ఇళ్లవాళ్లకి ఒక చిన్న సంగతి. సంస్థ తనంతట తాను విమానం రద్దు చేస్తే, వేరే విమానంలో చోటో, పూర్తి డబ్బు వాపసో, రెండిట్లో ఏది కావాలో ఎంచుకునే హక్కు మీదే. క్రెడిట్ షెల్ తీసుకోవాలన్న బలవంతం లేదు, మీరు ఒప్పుకుంటేనే. ఏజెంటు ద్వారా కొన్నా డబ్బు తిరిగివ్వాల్సిన బాధ్యత విమాన సంస్థది, కాబట్టి కొట్టు నడిపే కుర్రాడితో పోట్లాడి లాభం లేదు. రద్దయినట్టు వచ్చిన మెసేజీని చెరిపెయ్యకండి. కేంద్ర ప్రభుత్వ ఎయిర్‌సేవ వెబ్‌సైట్లో ఫిర్యాదు పెట్టొచ్చు. వినియోగదారుల సహాయ నంబరు 1915కి ఫోన్ చెయ్యొచ్చు. ఆ నంబర్లో తెలుగులోనే మాట్లాడొచ్చు.

పత్తి బోరెంలో తేమ ఎంతో గుచ్చి చూసే ప్రభుత్వం, విమాన సంస్థ పద్దుపుస్తకంలో ప్రయాణికుడి డబ్బు ఎంతుందో కూడా అలాగే గుచ్చి చూడాలి. అడిగేది మనం. ఓటూ మనదే, పన్నూ మనదే.